పొలం పని వేరు, ఒంటికి కసరత్తు వేరు: జారిపడకుండా మనం చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఈసారి పాఠం కషాయాల గురించి కాదు, విత్తనాల గురించి కాదు. మన కాళ్ల గురించి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు రైతులతో కూర్చున్నప్పుడు వ్యాయామం మాట ఎత్తితే ఒకటే జవాబు వస్తుంది. "పొద్దున లేస్తే పొలంలోనే ఉంటం, ఇంక మాకు వ్యాయామం ఎందుకన్నా? అది కుర్చీల కూసునేటోళ్లకు." వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన ఊళ్లల్లో యాభై ఐదు, అరవై దాటి మంచాన పడ్డవాళ్లను ఒక్కసారి లెక్కేసుకోండి. అందులో పాము కరిచి పడ్డవాళ్లు ఎందరు, కొట్టంలోనో ఒడ్డు మీదనో బాత్రూంలోనో కాలు జారి తుంటి విరిగినవాళ్లు ఎందరు? వాళ్లంతా జన్మంతా పొలం పని చేసినవాళ్లే. పనే కాపాడేటట్టయితే వాళ్లు పడకూడదు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదాల్లో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. అందులో 80 శాతానికి పైగా మనలాంటి పేద, మధ్యతరగతి దేశాల్లోనే. అయినా మన రైతు మీటింగుల్లో దీని మీద ఒక్క గంట మాట్లాడిన రోజు నేను చూడలేదు.

పని ఎందుకు వ్యాయామం కాదు

నాటు వేసే అక్కలను చూడండి. ఆరేడు గంటలు నడుము ముందుకే వంగి ఉంటుంది. స్ప్రేయర్ వేసుకున్న మనిషికి బరువంతా వీపు మీద, ఊపేది ఒకటే చెయ్యి. జీవామృతం డ్రమ్ము కలిపేటప్పుడు కుడివైపుకే తిప్పాలని సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో చెప్తారు. అంటే నడుము తిరిగేది ఎప్పుడూ ఒకే దిక్కుకు. పొలం పనిలో కొన్ని కండరాలు రోజూ అరిగేంత పని చేస్తాయి, కొన్నింటికి పనే ఉండదు. ఇంకో సంగతి, ఒంటికి బలం రావాలంటే శ్రమ తర్వాత విశ్రాంతి కావాలి. ఇవ్వాళ నడుము పట్టేసిందని రేపు నాటు ఆపుకోగలమా? నీళ్లు వదిలిన రోజే పని. అందుకని అలసట పెరుగుతది గానీ బలం పెరగదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2018లో యూరప్ పరిశోధకులు 1 లక్షా 93 వేల మందికి పైగా మనుషుల వివరాలున్న పాత అధ్యయనాలను కలిపి చూశారు. ఉద్యోగంలో ఒళ్లు వంచి కష్టపడే మగవాళ్లలో తొందరగా చనిపోయే అవకాశం, తేలిక పని చేసేవాళ్లకన్నా 18 శాతం ఎక్కువ కనిపించింది. ఆడవాళ్లలో అట్లా కనిపించలేదు. పేదరికం, పొగాకు, తిండి లాంటివి కూడా ఆ లెక్కలో కలిసి ఉండొచ్చు, కాబట్టి పని చెడ్డదని నేను అనను. కానీ పనిలో పడే శ్రమ, ఆరోగ్యం కోసం కొంచెం సేపు చేసే కసరత్తు ఒంటికి ఒకటి కాదని మాత్రం ఒప్పుకోవాలి.

మన పద్ధతిలో మోత ఎక్కువ

ప్రకృతి సేద్యం చేసేవాళ్లం ఈ సంగతి దాచుకోకుండా మాట్లాడుకోవాలి. యూరియా బస్తా 45 కిలోలు, చల్లితే అయిపోయింది. మన జీవామృతం ఎకరానికి 200 లీటర్లు. పది లీటర్ల బకెట్లు రెండు చేతుల్లో రెండు పట్టుకుపోయినా ఎకరానికి పది తిరుగుళ్లు, నాలుగెకరాలకు నలభై. అదీ పదిహేను రోజులకొకసారి, తడి ఒడ్డు మీద, పెండ నీళ్లు తొణుకుతుండగా. పెండ, బెల్లం, శనగపిండి కలిసిన నీళ్లు సిమెంటు మీద పడితే ఎట్లా ఉంటదో మీకు నేను చెప్పక్కర్లేదు. సబ్బు నీళ్లే నయం.

కాబట్టి మొదట ఒంటిని బాగు చేసుకోవడం కాదు, మోతను తగ్గించుకోవాలి. కాలువ నీళ్లో బోరు నీళ్లో మడిలోకి వచ్చే మొదటి తూము దగ్గర డ్రమ్ము పెట్టండి. అడుగు నుంచి నాలుగు అంగుళాలు పైన కుళాయి బిగించండి, మడ్డి కింద ఉండిపోతుంది. గుడ్డతో వడకట్టిన జీవామృతం సన్నటి ధారగా నీళ్లలో కలిసేటట్టు తిప్పి వదిలితే నీళ్లే మోసుకుపోతాయి. మడికి నీళ్లు పారే సమయానికి 200 లీటర్లు అయిపోయేలా కుళాయి సర్దుకోవడం రెండుసార్లు చేస్తే వచ్చేస్తుంది. వీడియోలో ఆ కుళాయి బిగింపు దగ్గరగా చూపించాను. వరి పండించే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఇంతకు మించిన ఉపాయం నాకు తెలియదు. కూరగాయలు, మిరప చేసే చెల్క రైతులు డ్రిప్పుకు కలుపుకోవాలంటే ఇంకా బాగా వడకట్టాలి, లేకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి.

పిచికారీ తప్పదు కాబట్టి పంపు సంగతి. 16 లీటర్ల బ్యాటరీ పంపు నిండా నింపితే పంపు బరువుతో కలిసి ఇరవై కిలోలు దాటుతుంది. ఆ బరువు వీపు మీద ఉంటే ఒంటి తూకం వెనక్కి పోతుంది, కాలు కొంచెం జారినా వెల్లకిలా పడతాం. 12 లీటర్లే నింపండి. తిరుగుళ్లు పెరుగుతాయి, నిజమే. అయినా యాభై దాటినవాళ్లకు నేను అదే చెప్తాను.

డ్రమ్ము చుట్టూ, కొట్టంలో, కల్లంలో

మనిషి పడేది రెండు రకాలు. ఒకటి జారడం: మడమ ముందుకు పోతుంది, వెనక్కి పడతాం, దెబ్బ తుంటికి, వెన్నుకు, తల వెనకకు. రెండోది తట్టుకోవడం: బొటనవేలు దేనికో తగులుతుంది, ముందుకు పడతాం, దెబ్బ మణికట్టుకు, మోకాలికి, మొహానికి. జారడానికి మందు నేలలో ఉంది. తట్టుకోవడానికి మందు సగం దారిని ఖాళీగా ఉంచడంలో, సగం పాదం ఎత్తి వేయడంలో ఉంది.

డ్రమ్ము చుట్టూ మూడడుగుల వెడల్పున కంకర పోసి పైన ముతక ఇసుక చల్లండి. తొణికిన నీళ్లు కిందికి దిగిపోతాయి, పాకురు పట్టదు. నున్నటి నాపరాళ్లు, షాబాదు బండలు చూడ్డానికి శుభ్రంగా ఉంటాయని పరుస్తున్నారు. తడిస్తే అవి అద్దాలే. డ్రమ్ము ఎత్తుగా ఉందని ఇటుక మీద ఎక్కి కలిపేవాళ్లు దయచేసి ఆ ఇటుక తీసేయండి. పొడవాటి కర్ర తెచ్చుకోండి. కలిపేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, పొద్దున ఏ కాలు ముందుంటే సాయంత్రం రెండోది ముందు పెట్టండి.

కొట్టంలో సిమెంటు వేయించేటప్పుడు మేస్త్రీ అలవాటు కొద్దీ నున్నగా మెరుగు పెట్టేస్తాడు. పచ్చిగా ఉన్నప్పుడే గరుకు చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. వాలు పదడుగులకు రెండు మూడు అంగుళాలు చాలు, మూత్రం కాలువలోకి పారుతుంది. అంతకన్నా వాలు ఎక్కువైతే ఆవులూ జారతాయి, మనమూ జారతాం. ఇప్పటికే నున్నగా ఉన్న నేలకు ముతక ఇసుక, రాతి పొడి చల్లడం మంచిది. కొందరు వరి ఊక చల్లుతారు. తడి మీద ఫరవాలేదు గానీ పొడి సిమెంటు మీద ఊక జారుతుంది, నాకది నచ్చదు. పాకురు పట్టినచోట గట్టి బ్రష్‌తో రుద్ది, ఎండనిచ్చి, సున్నం కొట్టండి. సున్నం కళ్లలో పడకుండా చూసుకోండి.

కల్లం దగ్గర ఇంకో మోసం ఉంది. సిమెంటు కల్లం మీద గానీ పట్టా మీద గానీ వడ్లు పలచగా పరచుకుని ఉంటే అడుగు కింద గింజలు గుండ్రాయిల్లా దొర్లుతాయి. కొనుగోలు కేంద్రంలో తూకం రోజున బస్తా నెత్తిన పెట్టుకుని నడిచే హమాలీ అన్నలకు ఇది బాగా తెలుసు. మోసే దారి వరకు మొదట ఊడ్చి పెట్టించడం మన బాధ్యత, వాళ్లది కాదు. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ పనిచేసే హమాలీలకు కూడా ఇదే మాట పనికొస్తుంది.

చెప్పుల గురించి మాటిమాటికీ అడుగుతారు. నా అభిప్రాయం చెప్తాను. దమ్ము చేసిన మడిలో ఉత్తకాళ్లే మేలు, గంబూట్లు బురదలో కూరుకుపోయి మనిషినే పడేస్తాయి. తడి ఒడ్డు మీద ఉత్త కాలి వేళ్లకు ఉన్న పట్టు ఏ చెప్పుకూ ఉండదు. కొట్టంలో, కంప ఉన్నచోట, ఆచ్ఛాదన దట్టంగా వేసిన తోటలో మాత్రం గాళ్లు ఉన్న రబ్బరు బూట్లు వేసుకోండి, ఆ గడ్డి కింద గుంత ఉందో పాముందో కనిపించదు. అన్నిటికన్నా ప్రమాదం అరిగిపోయిన హవాయి చెప్పులు. తిరగేసి చూడండి, గీతలు కనపడకపోతే పొయ్యి దగ్గరికి కూడా అవి వద్దు.

వరద తర్వాత ఒడ్లను నమ్మకండి. 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడ వైపు వానలు కుమ్మేసినప్పుడు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. కాలువ కట్టకే దిక్కులేనప్పుడు మన మడి ఒడ్డు ఎంత? పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, లోపల మట్టి కొట్టుకుపోయి డొల్లగా ఉంటుంది. కర్రతో పొడిచి చూసి అడుగేయండి. తడిలో నడక కూడా వేరేగా ఉండాలి: చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి, కనీసం ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. కాలు జారినప్పుడు స్టార్టర్ డబ్బా పక్కన ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది, అందుకని డబ్బా ముందు నేల ఎప్పుడూ పొడిగా, గరుకుగా ఉండాలి.

ఫారం పాండ్

దీన్ని విడిగా చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కడ కాలు జారితే విరిగేది ఎముక కాదు. నీటి గుంత తవ్వి ప్లాస్టిక్ షీటు పరిచిన రైతులు చాలామంది ఉన్నారు. తడి షీటు మీద ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. చేతికి దొరకదు, కాలికి ఆనదు. పెద్దవాళ్ల పరిస్థితే అది, పిల్లల సంగతి ఊహించుకోండి. నాలుగు మూలల్లో నాలుగు గుంజలు పాతి, ఒక్కోదానికి జానెడుకో ముడి వేసిన మోటు తాడు కట్టి, కొస నీళ్లలోకి వేలాడదీయండి. పాత ట్రాక్టర్ ట్యూబు ఒకటి గాలి నింపి తాడుతో కట్టి ఉంచండి. చుట్టూ కంచె, దానికి గడియ. ఈ మొత్తానికి అయ్యే ఖర్చు షీటు ఖర్చు ముందు లెక్కలోకి రాదు. పాడుబడ్డ బావులున్న చెల్కల్లో కూడా ఇంతే, కంచె లేని బావి పక్కన మేకలు మేపడానికి పిల్లల్ని పంపొద్దు.

ఎత్తు నుంచి పడటం అంటే మన జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది తాటిచెట్టు. తరతరాలుగా మోకు, ముత్తాదు మీదే ప్రాణం పెట్టి ఎక్కారు మన గీత కార్మికులు. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. ఒంటికి బెల్టు, చెట్టుకు తాడు బిగిసి ఉండటం దాని సారం: కాలు జారినా మనిషి కింద పడకుండా వేలాడతాడు. ఎంత అనుభవం ఉన్నా కాలు ఒకరోజు జారుతుందని ఒప్పుకుని, దానికి ముందే ఏర్పాటు చేయడం అన్నమాట. మన పొలాల్లో తాటిచెట్లు ఎక్కేవాళ్లు ఉంటే కిట్టు వాడమని బతిమాలైనా ఒప్పించండి.

పన్నెండు నిమిషాల కసరత్తు

నేల బాగైంది, మోత తగ్గింది. ఇప్పుడు ఒళ్లు. 2019లో కోక్రేన్ వారి సమీక్ష ఒకటి వచ్చింది. 25 దేశాల్లో జరిగిన 108 పరీక్షలు, అరవై దాటిన 23 వేల మందికి పైగా మనుషులు. కసరత్తు చేసినవాళ్లు పడిపోవడం 23 శాతం తగ్గింది. అందులో బాగా పనిచేసింది ఒంటి నిలకడకు, కాళ్లకు సంబంధించిన కసరత్తు. నడక ఒక్కటే చేస్తే పడటం తగ్గుతుందని తేలలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మనవాళ్లు వాకింగ్ ఒక్కటుంటే చాలనుకుంటారు. నడక గుండెకు, షుగరుకు మంచిదే, నడవండి. హైవే మీద మాత్రం వద్దు.

పొద్దున పొలానికి పోకముందు చేయండి, పని అయ్యాక కాదు. అలసిన కాళ్లతో నిలకడ కసరత్తు చేస్తే అక్కడే పడతారు. వేపచెట్టో, గుంజో, గోడో పక్కన ఉండాలి.

మొదట ఒంటికాలి మీద నిలబడటం. చెట్టు పట్టుకుని ఒక కాలు ఎత్తండి, నెమ్మదిగా చెయ్యి వదలండి. పది సెకన్లు నిలబడగలరా చూడండి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందితో ఇట్లాగే చేయించి 2022లో ఫలితం ప్రచురించారు, ఐదుగురిలో ఒకరు పది సెకన్లు నిలబడలేకపోయారు. మన రైతు మీటింగులో చేయించినప్పుడు కూడా నవ్వుకుంటూ మొదలుపెట్టినవాళ్లు నాలుగో సెకనుకే పక్కవాడి భుజం పట్టుకున్నారు. రోజూ చేస్తే పది కాస్తా ముప్పై అవుతుంది. రెండు కాళ్లకూ చేయాలి, ఒక కాలు ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది, దానికి ఇంకోసారి.

తర్వాత మంచం మీద నుంచో కుర్చీ మీద నుంచో చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. పదిసార్లు, కాస్త ఆగి ఇంకో పది. కూర్చునేటప్పుడు దభేలున పడొద్దు, ఆ దిగడంలోనే తొడల బలం ఉంది. గుంజీళ్లు తీయగలిగినవాళ్లు అవే తీయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎత్తు కుర్చీతో మొదలుపెట్టండి.

మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడటం పదిహేను సార్లు, తర్వాత మడమల మీద నిలబడి మునివేళ్లు ఎత్తడం పదిహేను సార్లు. రెండోది చిన్నచూపు చూడొద్దు. బొటనవేలు గడ్డపెళ్లకు తట్టుకోకుండా పాదాన్ని పైకి లేపేది ముంగాలి కండరమే. ఆ తర్వాత నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించి పది అడుగులు ముందుకు, పది వెనక్కి. ఇది అచ్చంగా ఒడ్డు మీద నడకే, కానీ పక్కన బురద ఉండదు. చివరికి నడుము మీద రెండు చేతులు పెట్టి వెనక్కి ఐదుసార్లు వంగండి. నాటు వేసే అక్కలు దీన్ని పొలంలోనే గంటకోసారి చేసుకోవాలి.

పక్కకు అడుగేసే కసరత్తు కూడా కావాలి. దాని కోసం మన ఆడవాళ్లకు కొత్తగా నేర్పేదేం లేదు. బతుకమ్మ ఆటలో వంగి లేవడం, పక్కకు అడుగు, ఒంటి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం, అన్నీ ఉన్నాయి. తొమ్మిది రోజులు ఆడి ఏడాదంతా వదిలేస్తున్నాం, అంతే తేడా. కోలాటం నేర్చుకునే బృందాలు ఉన్న ఊళ్లల్లో యాభై దాటినవాళ్లను కూడా కలుపుకోండి.

అరవై ఐదు దాటినవాళ్లు నిలకడ, బలం కసరత్తు వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నాట్ల రోజుల్లో ఐదు నిమిషాలకు తగ్గించుకోండి, యాసంగి కోతలు అయ్యాక ఎండాకాలంలో పెంచుకోండి. మన పాత నల్గొండ జిల్లాకు ఇంకో మాట తప్పదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. అట్లాంటి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. వాళ్లు డాక్టరును అడగకుండా వెనక్కి వంగడం లాంటివి చేయొద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వంగిన చోట నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, ముందు మోకాలి మీద చెయ్యి పెట్టి ఆగి లేవండి. ఎండలో నీళ్లు తాగకపోయినా అదే జరుగుతుంది. కల్లు, మందు తాగిన పూట ఒడ్డు ఎక్కొద్దు.

పడితే ఏం చేయాలి

ఎవరైనా పడగానే నలుగురు చంకల్లో చేతులు వేసి లేపేస్తారు. ఆగండి. మాట్లాడనివ్వండి, కాళ్లు చేతులు కదిలించమనండి. ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోవాలి, నిలబెట్టొద్దు. మెడ, నడుము నొప్పి అంటే కూర్చోబెట్టొద్దు. పలకో మంచమో తెచ్చి కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి తర్వాత వాంతి చేసుకున్నా, మత్తుగా ఉన్నా అదే దారి. మిర్యాలగూడ, కోదాడల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. బెణుకుకి పుత్తూరు కట్టు కట్టించుకుంటారో లేదో మీ ఇష్టం. తుంటికి, ఎముక బయటికి వచ్చిన గాయానికి మాత్రం ఆసుపత్రే. తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఆపరేషన్ ఎంత తొందరగా అయితే అంత తొందరగా లేచి కూర్చుంటారు. నెలల తరబడి మంచంలో ఉంచితే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల రైతులకు. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. కాలు విరిగి బతికి ఉంటే అందులో రూపాయి రాదు, అరవై నిండితే పేరే ఉండదు. కాలు జారేది మాత్రం అరవై దాటాకే ఎక్కువ. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా 70 ఏళ్ల దాకా ఉంటుంది: ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే లక్ష. మామూలుగా అతికే ఎముకకు ఇదీ ఇవ్వదు. ఆ 20 రూపాయలు మే నెలాఖరులో ఖాతాలోంచి వాటంతట అవే కట్ అవుతాయి, ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల పాసుబుక్కు తీసి కిందటి మే నెల‌లో 20 రూపాయలు పోయినట్టు ఉందో లేదో చూడండి.